మామయ్య గట్టు దిగలేదు

ఐర్లండ్ నుంచి ఎలెన్ అనే అమ్మాయి వచ్చింది. సోమవారం నుంచి మా ఊరి బడిలో జీతం లేకుండా ఇంగ్లీషు చెప్తుంది. ఈలోగా చుట్టుపక్కల చూడాలంటే ఈ రోజు తుళ్లూరు తీసుకెళ్లాను. రాజధానికి భూములిచ్చిన రైతుల గురించి నేను చదివిన కరపత్రాలన్నీ దారి పొడుగునా అప్పజెప్పాను. ఆవిడ అవి పట్టించుకోకుండా కారు కిటికీలోంచి ఫొటోలు తీసుకుంటుంటే నాకు ఒళ్లు మండింది.

అక్కడ మా మేనమామ ఒకప్పుడు తన పొలం ఉన్న చోటు చూపిస్తానన్నాడు. రాళ్లు, తుమ్మ మొక్కలు తప్ప ఏమీ లేని చదును నేల. నేను అడ్డంగా నడిచాను.

"ఏరా, చేలో పడి తొక్కుకుంటూ పోతావేంటి? గట్టు మీద రా," అని అరిచాడు.

"గట్టెక్కడుంది మామయ్యా? పొలం ఇచ్చేసి ఎన్నేళ్లయింది?"

ఆయన నేరుగా వెళ్లి, ఎడమకు తిరిగి, మళ్లీ నేరుగా నడిచాడు. ఒకచోట కాలువ దాటుతున్నట్టు పంచె ఎత్తి పెద్ద అంగ వేశాడు. మా మాట ఒక్క ముక్క అర్థం కాని ఎలెన్ కూడా ఆయన వెనకే తిరిగి, అక్కడే అంగ వేసింది.

ఇక్కడ ఏం పండించేవాళ్లని ఆవిడ నన్నడిగింది. ఇన్ని కరపత్రాలు చదివాను గానీ నాకు తెలీదు. మామయ్యని అడిగాను.

"పత్తి. ఈపాటికి మొదటి తీత అయిపోవాలి," అన్నాడు, ఈ ఏటి పంట గురించి చెప్తున్నట్టే.

తిరిగొచ్చేటప్పుడు నేనూ గట్టు మీదే నడిచాను. ఆ కాలువ దగ్గర నా కాలు దానంతటదే లేచింది. ఇంటికొచ్చినా ఆ అంగ నన్ను వదల్లేదు. మీ ఊళ్లోనూ ఇలా నడిచేవాళ్లున్నారా? ఉంటే ఏం దాటుతున్నారో అడిగి చెప్పండి.