ఎర్రపొట్ట చేపలు రాని ఏరు

2016 సెప్టెంబరు. గ్లాస్గో నుంచి ఉత్తరానికి మూడు గంటలు కారులో వెళ్తే ఒక లాక్, అంటే పెద్ద సరస్సు. అందులో కలిసే చిన్న ఏటికి అడ్డంగా గట్టు కట్టి కరెంటు తీస్తారట. కట్టే ముందు ఆ ఏట్లో ఏయే చేపలున్నాయో తేల్చాల్సిన ఫిషరీస్ బయాలజిస్టును నేను.

మా పద్ధతి ఎలక్ట్రోఫిషింగ్. నీళ్లలోకి కొద్దిగా కరెంటు పంపి, సొమ్మసిల్లిన చేపల్ని చూసి వదిలేస్తాం. మా రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, సెప్టెంబరు దాటితే మనుషులు దొరకరు కాబట్టి సెప్టెంబరులోనే వెళ్లాం. మా రోటా చేపలకు తెలియదన్న ఇంగితం ఆ రోజు నాకు లేకపోయింది.

ఏటి పక్క కాటేజీలో యూయన్ అనే పెద్దాయన ఉండేవారు. రిటైరైన బస్సు డ్రైవరు. ఈకలూ దారమూ చుట్టి పురుగులా కట్టిన ఎరను ఫ్లై అంటారు. దాన్ని నీటి మీదికి విసిరి చేపను పట్టడం, మళ్లీ వదిలేయడం ఆయన వ్యసనం.

"ఏం దొరికాయి డాక్టరమ్మా?"

"ట్రౌట్. అన్నీ ట్రౌటే."

"చార్ చేప లేదూ?"

"చార్ లాక్ అడుగున ఉంటుందండీ. ఏట్లో ఉండదు."

"ఉండదు. వస్తుంది. అక్టోబరు తొలి చలికి గుడ్లు పెట్టడానికొచ్చి, పది రోజులుండి పోతుంది. అప్పుడు రండి, టీ కూడా ఇస్తాను."

ఇంట్లోకి పిలిచి గోడ మీద కార్కు బోర్డు చూపించారు. ఏటా ఏట్లో మొదటి ఎర్రపొట్ట చార్ పడగానే దాన్ని వదిలేసి, దారం కత్తిరించి, ఆ ఫ్లైని సంవత్సరం రాసి బోర్డుకు గుచ్చుతారు. గాలం రాడ్ మళ్లీ వసంతం దాకా తలుపు వెనకే.

"కాన్పు గదిలో గాలం వేస్తామా?" అన్నారు.

"ఫోటోలున్నాయా? కొలతలు?"

"నీళ్లలోంచి తీస్తేగా ఫోటో!"

"అయితే ఇది డేటా కాదండీ, జ్ఞాపకం" అన్నాను. నాకు నోరెక్కువ. ఆ మాట ఎంత బాగా అన్నానో అనుకుంటూ కారెక్కాను కూడా.

చార్ మంచుయుగం వదిలేసి వెళ్లిన చేప. ఏ లాక్‌లోది ఆ లాక్‌దే. పోతే ఇంకోచోటి నుంచి తెచ్చి నింపేది కాదు. ఇవన్నీ తెలిసిన నేనే, ఆ ఏట్లో గుడ్లు పెట్టేది ట్రౌట్ ఒక్కటేనని రిపోర్టు రాశాను. దాన్ని బట్టి గట్టు పక్కన చేపలెక్కే మెట్లు ట్రౌట్ ఎత్తుకు కట్టారు. ట్రౌట్ బాగా ఎగురుతుంది. చార్‌కు ఆ శక్తి లేదు.

గట్టు పూర్తయిన అక్టోబరులో యూయన్ ఫోను. "మీకు సాక్ష్యం కావాలన్నారుగా. వచ్చి చూడండి."

వెళ్లాను. గట్టు కింద నీళ్లలో ఎర్రటి పొట్టలు, తెల్లంచు రెక్కలు. సందేహమే లేదు, చార్. మొదటి మెట్టుకు మూతి కొట్టుకుని వెనక్కి పడుతున్నాయి, మళ్లీ వస్తున్నాయి. కొన్ని అక్కడే గుడ్లు నిలవని ఉత్త బండ మీద గుడ్లు వదిలేస్తున్నాయి. యూయన్ చేతిలో రాడ్ లేదు.

"నేను తప్పు రాశాను" అన్నాను.

"తెలుసు. ఇప్పుడు సరిగ్గా రాయండి."

బకెట్లతో పైకి మోద్దామంటే లైసెన్సు కావాలి. అది వచ్చేసరికి ఏట్లో ఒక్కటీ లేదు. మెట్ల ఎత్తు తగ్గించమని నేను పోట్లాడని ఆఫీసు లేదు. తగ్గించేసరికి మరో నాలుగు అక్టోబర్లు పోయాయి. ఒక్కో ఏడూ గట్టు కింద ఎరుపు పలచబడింది. చివరికి మెట్లు దిగాయి. ఎక్కడానికి చార్ రాలేదు.

నేను కొల్లేటి ఒడ్డున పెరిగినదాన్ని. అక్కడ ఏ చేప ఎప్పుడు ఎటు ఎదురెక్కుతుందో ముందు వల వేసేవాళ్లనే అడిగేదాన్ని, వాళ్ల మాటను జ్ఞాపకమని కొట్టిపారేసే ధైర్యం నాకుండేది కాదు. సముద్రాలు దాటొచ్చి, చేతికి మిషనూ పేరు ముందు డాక్టరూ వచ్చాక ఆ మర్యాద మరిచాను. ఇప్పుడు ఏ ఏటికి వెళ్లినా ముందు ఒడ్డునున్న తలుపు తడతాను. ఎప్పుడొస్తాయని అడిగి, ఆ తర్వాతే రోటా వేయిస్తాను. రోటా కుదరదంటే సర్వే కాగితం మీద సంతకం పెట్టను.

ప్రతి అక్టోబరూ యూయన్ దగ్గరికి వెళ్తాను. టీ ఇస్తారు, ఆ మాట ఎత్తరు. గట్టు వచ్చాక బోర్డు మీద కొత్త ఫ్లై చేరలేదు, సగం ఖాళీగానే ఉంది. తలుపు వెనక రాడ్‌కు ఫ్లై ఇంకా కట్టే ఉంటుంది.