ముషీరాబాద్ మీదుగా పరీక్షకు

తార్నాకలో మా ఇంటి నుంచి యూనివర్సిటీ గేటు పది నిమిషాల నడక. పదకొండేళ్లు అక్కడ కాపురమున్నా, పొద్దున నడకకు తప్ప ఆ క్యాంపస్‌తో నాకు పనిపడలేదు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో పుస్తకం చంకన పెట్టుకుని విద్యార్థిలా అక్కడికి వెళ్లాల్సి వస్తుందని అనుకోలేదు.

ఆఫీసులో నాకు వస్తుందనుకున్న మేనేజర్ పోస్టు నాకంటే నాలుగేళ్లు చిన్నవాడికి వెళ్లింది. కారణం అడిగితే, అతనికి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉంది, మీకు లేదు అన్నారు మా పైఅధికారి. ఆ వారమే దరఖాస్తు పెట్టాను. కంప్యూటర్ ముందు కూర్చుని రాసే నాలుగు గంటల పరీక్ష అది. పని ఎలా మొదలుపెట్టాలి, ఎలా నడపాలి, మధ్యలో మనుషులు తగువు పడితే ఏం చేయాలి, సరుకు ఆలస్యమైతే ఏం చేయాలి, ఇవే ప్రశ్నలు. ఇన్నేళ్లుగా చేస్తున్న పనే కదా, చదవడానికేముంటుంది అనుకున్నాను. పుస్తకం తెరిచాక తెలిసింది.

ఇంట్లో చదువు సాగలేదు. ఇద్దరు పిల్లలు, దానికితోడు పొద్దున లేచిన దగ్గర్నుంచీ మా అత్తగారి టీవీ వార్తలు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మాది గుంటూరు వైపు. మా ఆయన బ్యాంకు ఉద్యోగం వల్ల హైదరాబాద్ వచ్చి, ఇక్కడే ఫ్లాట్ కొనుక్కుని స్థిరపడ్డాం. వార్తల్లో ఊరేగింపు కనపడినప్పుడల్లా అత్తగారు, మనల్ని ఇక్కడ ఉండనిస్తారంటావా అని నన్నే అడిగేవారు. జవాబు నాకు మాత్రం ఏం తెలుసు? అందుకే శని, ఆదివారాలు పొద్దున్నే ఆరింటికల్లా క్యాంపస్‌కు వెళ్లి, ఒక పాత రాతి భవనం మెట్ల మీద కూర్చుని చదువుకునేదాన్ని.

రెండోవారమే అక్కడ ఇంకో మనిషి చేతిలో అదే లావుపాటి పుస్తకం కనిపించింది. ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి. జనగామ దగ్గరి పల్లెటూరు. అదే యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఒక నిర్మాణ కంపెనీలో సైట్ ఇంజనీరుగా చేస్తోంది. తార్నాకలోనే ఉద్యోగం చేసే ఆడవాళ్ల హాస్టల్లో ఉంటోంది. తనే వచ్చి పలకరించింది. ఆ రోజు నుంచి ఇద్దరం కలిసి చదవడం మొదలుపెట్టాం. నన్ను అక్కా అని పిలిచేది. మా యాసలను బట్టి ఎవరిది ఏ ప్రాంతమో మొదటి అయిదు నిమిషాల్లోనే ఇద్దరికీ తెలిసిపోయింది. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఆమె చదివే పద్ధతి నాకు కొత్త. ఇంగ్లిషులో ఉన్న ప్రశ్నను తన మాటల్లోకి మార్చుకుని పైకి చెప్పుకునేది. అప్పుడు గాని తనకు విషయం పట్టుబడదట. ఒకరోజు ఒక ప్రశ్నను ఇలా చెప్పింది: "మేస్త్రీకి మస్తు కోపమొచ్చింది. సామాన్లన్ని గాడనే ఇడిసిపెట్టి పోయిండు. గిప్పుడు మేనేజర్ ఏం జెయ్యాలె?"

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. ఆమె కూడా నవ్విందనే నా జ్ఞాపకం.

జవాబుల్లో మాత్రం ఇద్దరిదీ చెరో దారి. ఏం జరిగినా పైవాళ్లకు చెప్పాలనేదాన్ని నేను. ఆమె ఏమో తనే వెళ్లి ఆ మనిషితో మాట్లాడతాననేది. పుస్తకం ఇద్దరినీ తప్పుపట్టేది. ముందు జరిగిందేమిటో పూర్తిగా తెలుసుకో, దాని ప్రభావం ఎంతో చూడు, ఆ తర్వాతే కదులు అనేది. అది నేర్చుకోవడానికి మాకు నెల పట్టింది.

ఈలోగా క్యాంపస్ వేడెక్కింది. సభలు, ఊరేగింపులు, గేట్ల దగ్గర ముళ్లకంచెలు, పోలీసు వ్యాన్లు. ఒక ఆదివారం మేము మెట్ల మీద ఉండగానే అవతలి రోడ్డులో బాష్పవాయు గోళాలు పేలాయి. కళ్లు మండుతుంటే చున్నీలు మొహాలకు చుట్టుకుని వెనక దారిన బయటపడ్డాం. తర్వాత రెండు వారాలు ఆమె చదువుకు రాలేదు. ఊరేగింపుల్లో తిరుగుతోందని తెలిసింది. మూడో వారం తార్నాక చౌరస్తాలో ఎదురుపడితే నాకు ఒళ్లు మండి, ఈ గొడవలతో నా చదువు నాశనమైపోయింది అన్నాను.

ఆమె నెమ్మదిగా అంది: "మీకు గొడవ లెక్క కనపడుతున్నది అక్కా. మా సైట్ ఆఫీసుల నేను నోరు తెరిస్తే నవ్వుతరు. క్లయింట్ ముంగట నువ్వు మాట్లాడకు అని మా మేనేజర్ చెప్పిండు. సరే, వాళ్లంటే వాళ్లు. మీరు గూడ నవ్విన్రు."

ఎప్పుడు అని అడగబోయి ఆగిపోయాను. మేస్త్రీ ప్రశ్న గుర్తొచ్చింది. ఆ రోజు తర్వాత ఆమె ప్రశ్నలను ఇంగ్లిషులోనే చదివిందన్నది కూడా అప్పుడే తట్టింది. నాలుగు వారాలు పక్కనే కూర్చుని నేనది గమనించనే లేదు. నేను తలెత్తేసరికి ఆమె రోడ్డు దాటి వెళ్లిపోయింది.

మూడు రోజులు నాకు పుస్తకం మీద మనసు నిలవలేదు. నాలుగో రోజు ఆఫీసు నుంచి వస్తూ వాళ్ల హాస్టల్‌కు వెళ్లాను. కింద సందర్శకుల గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తప్పయిందని చెప్పాను. నీ యాస మీద నవ్వలేదు, ప్రశ్న అలా వినిపించేసరికి నవ్వొచ్చిందని సమర్థించుకోవాలని దారంతా అనుకున్నాను కానీ, ఆమె మొహం చూశాక ఆ మాట రాలేదు. అది నిజం కాదు కూడా. క్యాంపస్ ఎలాగూ మూసేశారు, మా ఇంటికి వచ్చి చదువుకో అన్నాను. మీ ఇంట్లవాళ్లు ఏమంటరో అంది. ఏమీ అనరన్నాను, నాకే నమ్మకం లేకుండా.

శనివారం ఆమె వచ్చింది. మా ఆయన పలకరించి తన గదిలోకి వెళ్లిపోయారు. అత్తగారు టీవీ ముందు నుంచి లేవలేదు. మేము భోజనాల బల్ల మీద పుస్తకాలు పరుచుకున్నాం. గంట గడిచాక అత్తగారే వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. ఉపోద్ఘాతమేమీ లేకుండా, "అమ్మాయ్, మీ రాష్ట్రం మీకొస్తే మమ్మల్ని పొమ్మంటారా?" అని అడిగేశారు. నాకు ప్రాణం చచ్చిపోయినట్టయింది.

"మీ ఇల్లు మీది పెద్దమ్మా, మిమ్మల్ని పొమ్మనడానికి నేనెవరు?" అంది ఆమె. "మా కొలువులు మాకు గావాలె, మా మాటకు ఇజ్జత్ గావాలె అంటున్నం. గంతే."

అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకుని, ఇంతకీ ఏమిటా చదువు, ఒకటి చెప్పు వింటాను అన్నారు. ఆమె పుస్తకం వంక చూసి, నా వంకా ఒకసారి చూసి, చాలా రోజుల తర్వాత తన మాటల్లో ఒక ప్రశ్న చెప్పింది. సిమెంటు లారీ రాలేదట, కూలోళ్లు ఖాళీగా కూసున్నరట, పై సారు ఫోన్ మీద ఫోన్ జేస్తున్నడట. అత్తగారు శ్రద్ధగా విని, ముందు వాళ్లకు అన్నం పెట్టించాలి అన్నారు. ఆ జవాబు నాలుగు ఆప్షన్లలోనూ లేదు. ఆమె పడీ పడీ నవ్వింది. ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లోనే తిని వెళ్లింది.

ఇద్దరం ఒకే రోజుకు పరీక్ష పెట్టుకున్నాం. రెండు రోజుల ముందు ఆ రోజున బంద్ ప్రకటించారు. పరీక్షా కేంద్రానికి ఫోన్ చేస్తే, తెరిచే ఉంటుంది, రావడం మీ బాధ్యత అన్నారు. ఆ కేంద్రం హిమాయత్‌నగర్‌లో. బస్సులు లేవు, ఆటోలు లేవు. నేను మానుకుంటానన్నాను. ఆమె మాత్రం ఆ రోజు పొద్దున ఏడింటికే స్కూటీ మీద మా గుమ్మం ముందు దిగింది. వారాసిగూడ, పార్సీగుట్ట సందుల్లో నుంచి తీసుకెళ్లింది.

ముషీరాబాద్‌లో రోడ్డుకు అడ్డంగా టైర్లు తగలబెట్టి ఉన్నాయి. పదిహేను మంది దాకా మగవాళ్లు బండి ఆపి, ఎటు పోతున్నారని అడిగారు. అందులో ఒకాయన నన్నే చూస్తూ అడిగాడు. జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నోరు విప్పితే నేనెవరో తెలిసిపోతుంది. పుట్టి బుద్ధెరిగాక నా మాట నలుగురిలో పైకి వినపడుతుందని భయపడింది అదే మొదటిసారి. నాది కొన్ని క్షణాల భయమే. ఆమె ఆఫీసులో రోజూ ఎలా కూర్చుంటుందో అనుకున్నాను.

"మా అక్కనే అన్నా. ఇద్దరికి పరీక్షున్నది, పోనీయిన్రి," అంది ఆమె. ఏం పరీక్ష అని అడిగాడాయన. "మొదలుబెట్టిన పని టైముకు ఎట్ల ఒడగొట్టాల్నో అడుగుతరు" అంది. ఆయన పక్కవాళ్లతో, గీ పరీక్ష ముందుగాల సర్కారుకు బెట్టాలె అన్నాడు. అందరూ నవ్వారు. టైర్లు లేని సందేదో ఆయనే చూపించాడు.

పరీక్ష ముగిసిన వెంటనే ఫలితం తెరమీద వచ్చేసింది. ఆమె పాసైంది. నేను తప్పాను.

బయటకొచ్చి ఆమెకు అభినందనలు చెప్పాను. నిజం చెప్పాలంటే, ఆ మాట నోటితోనే చెప్పాను. రెండు వారాలు ఊరేగింపుల్లో తిరిగిన మనిషి పాసై, పుస్తకం వదలకుండా చదివిన నేను తప్పడమేమిటని లోపల కుళ్లుకున్నాను. తిరుగుదారిలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె కూడా కదిలించలేదు. మా గుమ్మం దగ్గర దింపుతూ మాత్రం, పుస్తకం అటక మీద పెట్టకున్రి అక్కా అంది.

పెట్టనివ్వలేదు కూడా. తనకిక అవసరం లేని చదువు కోసం మూడు నెలలు ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చింది. నేను పైవాళ్లకు చెప్పాలి అన్నప్పుడల్లా, చెప్పేటందుకు ముందుగాల నీకేం తెల్సు అని నిలదీసేది. మీరు నుంచి నువ్వుకు ఎప్పుడు మారిందో గుర్తులేదు. నా కుళ్లు సంగతి ఒకరోజు ఆమెకు చెప్పేశాను. తెల్సు, స్కూటీ మీదనే సమజైంది అని నవ్వేసింది.

రెండోసారి పరీక్ష రోజున బస్సులు మామూలుగానే నడిచాయి. నేను ఒక్కదాన్నే వెళ్లగలనన్నా వినకుండా సైట్‌కు సెలవు పెట్టి వచ్చింది. నాలుగు గంటలు కేంద్రానికి ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చుందట. చేతిలో పాసైనట్టున్న కాగితం పట్టుకుని నేను రోడ్డు దాటుతుంటే లేచి నిలబడి నా మొహంలోకి చూసింది. నేనేమీ చెప్పకముందే నా చేతిసంచీ తీసుకుంది.

"సమజైంది అక్కా," అంది. "పొద్దటిసంది చాయ్ మీదనే ఉన్న. పా, ఏమన్న తిందాం."