ఈస్టరు దాకా దాచిపెట్టాల్సిన మాట

ఈ రాత్రి నిద్ర పట్టేటట్టు లేదు, రాసేస్తాను. రేపు విభూది బుధవారం, చర్చిలో నుదుట బూడిద పెట్టించుకునే రోజు. తపస్సు కాలం మళ్ళీ వచ్చేసిందంటే పోయిన ఏడాది సంగతి పదేపదే గుర్తొస్తోంది.

పోయినసారి మా పాపకు రెండున్నరేళ్ళు. ఒక్క మాట లేదు. నవ్వుతుంది, వేలు పట్టి లాక్కెళుతుంది, కావలసింది చూపిస్తుంది. నోరు మాత్రం విప్పదు. చెవులు బాగానే ఉన్నాయని, ఇంట్లో ఎక్కువగా మాట్లాడుతూ ఉండమని, కొన్నాళ్ళు చూద్దామని తిరుపతిలో డాక్టరమ్మ చెప్పింది. ఊరికే చూడడం నా వల్ల అయ్యే పని కాదు. పాప పడుకోగానే ఫోన్ తీసి, ఏ వయసుకు ఎన్ని మాటలు రావాలో వెతుకుతూ కూర్చునేదాన్ని. చదివిన కొద్దీ భయం. పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి వచ్చి మాతో ఉంటున్న అత్త మాత్రం ధీమాగా ఉండేది.

"వాళ్ళ నాయన మూడేండ్ల దాకా నోరు తెరవలేదు మే. ఇప్పుడు సూడు, మూయమన్నా మూయడు."

శ్రీ సిటీలో షిఫ్టు ముగించుకుని వచ్చి బూట్లు విప్పుకుంటూ మా ఆయన అనేవాడు, "నువ్వు సందిచ్చింటే కదమ్మా నేను మాట్లాడేదానికి!"

తపస్సు కాలమంటే ఈస్టరుకు ముందు మా కతోలికులు ఉపవాసంతో, ప్రార్థనతో గడిపే రోజులు. ఎవరికి ప్రియమైనది వాళ్ళు వదిలేస్తారు. అత్త ఆకువక్క మానేసింది. ఆయన టీ మానేశాడు. నేను ఎవరికీ చెప్పకుండా ఫోన్లో ఆ వెతుకులాట మానేశాను.

ఆ వారమే చర్చిలో సిస్టర్ నన్ను పట్టుకుంది. "నీ గొంతు బాగుంటాదమ్మా. ఏ రోజుకా రోజు బైబిల్లో చదివే సువిశేషం మీద నాలుగు మాటలు రికార్డు చేసి మన గ్రూపులో పెట్టు. పొద్దున్నే బస్సుల్లో పోయేవాళ్ళు వింటారు. ఒకటి మాత్రం మరిసిపోవద్దు. అల్లెలూయ అనగూడదు. అది సంతోషంతో దేవుణ్ణి పొగిడే మాట, దాచిపెట్టి ఈస్టరు నాడు తీయాల."

నాకు అదే కష్టమైంది. చిన్నప్పటి నుంచీ ప్రార్థన ముగిసిందంటే ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది. సాయంత్రం వంటింటి తలుపు వేసుకుని, పాపను ఒళ్ళో పెట్టుకుని, బూడిద గురించో యేసు ఉపవాసమున్న ఎడారి గురించో చక్కగా చెప్పుకుంటూ వచ్చి, చివర "అల్లెలూయ" అనేసేదాన్ని. టప్పున నుదురు కొట్టుకుని మళ్ళీ మొదటి నుంచి. పాపకు అదొక ఆట. నేను నుదురు కొట్టుకోగానే పడీపడీ నవ్వేది. ఆ నవ్వు కూడా రికార్డయిందని ఇంకోసారి. ఈలోగా పొయ్యి మీద రసం పొంగేది.

"దేవుని మాట సెప్పేదానికి ఇన్నిసార్లు తల బాదుకోవాల్నా మే?" తలుపు బయటి నుంచి అత్త.

మూడో వారం గురువారం వచ్చింది. ఆ రోజు సువిశేషంలో యేసు ఒక మూగ మనిషిని పట్టిన దయ్యాన్ని వెళ్ళగొడతాడు. అతను మాట్లాడతాడు, జనం ఆశ్చర్యపోతారు. 'మూగ' అన్న చోట రికార్డింగు ఆపేశాను. చర్చికి వచ్చేవాళ్ళలో మా పాప సంగతి తెలియనివాళ్ళు లేరు. ఏం చెప్పినా నా గోడే చెప్పుకున్నట్టుంటుంది. ఆ పూటకు మానేద్దామనుకున్నాను. పాప నా గాజులు తిప్పుతూ నా నోటివైపే చూస్తోంది.

"ఆ మనిషి పక్కన ఎవరున్నారో ఇక్కడ రాయలేదు" అని మొదలుపెట్టాను. "ఉండే ఉంటారు. అతను వేలుతో చూపించింది అర్థం చేసుకుని అన్నం పెట్టినవాళ్ళు. ఇంకా ఎన్నాళ్ళని అడగకుండా ఉండలేకపోయినవాళ్ళు. ఈ రోజు వాళ్ళ కోసం ప్రార్థిద్దాం." ఈసారి ఆపకుండా పూర్తి చేశాను. చివర మళ్ళీ అల్లెలూయ. మళ్ళీ నుదుటి మీద దెబ్బ.

మర్నాడు శుక్రవారం, సాయంత్రం సిలువ మార్గం. గోడల మీద వరుసగా ఉన్న యేసు శ్రమల పటాల ముందు ఒక్కోచోట ఆగి ధ్యానిస్తాం. ఆయన సిలువ మీద ప్రాణం విడిచిన పటం దగ్గర అందరం మోకరించి కాసేపు మౌనంగా ఉంటాం. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్త ఒళ్ళో ఉన్న పాప టప్పున తన నుదురు తనే కొట్టుకుంది.

"లూయా!"

చర్చంతా మోగింది. నేను విన్నది నిజమో కాదో తెలియలేదు. నేను కదలకపోవడం చూసి పాప ఇంకా గట్టిగా కొట్టుకుని, "అల్లే... లూయా!" అంది.

"అయ్యో, ప్రభువు ప్రాణం పోయినప్పుడా మే నీ పండగ!" అంటూ దాని నోరు మూయబోయిన అత్త చెయ్యి సగంలో ఆగిపోయింది. "మే... మాట్లాడినాది! మే, బిడ్డ మాట్లాడినాది!"

గుసగుసగానే అనాలనుకుంది పాపం. అత్తకు గుసగుస చేతకాదు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను మోకాళ్ళ మీదే ఉండి నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. ఫాదర్ గారు వెనక్కి తిరగలేదు గానీ ఆయన భుజాలు కదిలాయి. అంతా అయ్యాక పాప తల మీద చెయ్యి పెట్టి దీవించి, నా వైపు చూశారు.

"ఆ మాట మీ ఇంట్లో బాగా దాచిపెట్టినారమ్మా!"

బయటికి రాగానే మా ఆయనకు ఫోన్ చేశాను. బస్సులో ఉన్నాడు.

"ఏమన్నాది? నాయనా అన్నాదా?"

"కాదు."

"అమ్మా అన్నాదా?"

"కాదు."

"మరేందే?"

చెప్పాను. బస్సులో పక్కవాళ్ళు అదిరిపడేటట్టు అరిచాడు. ఇంటికొచ్చి సంచి కూడా దించకుండా పాప ముందు కూర్చుని నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. పక్కన అత్త కూడా. తల్లీకొడుకుల నుదుళ్ళు ఎర్రబడ్డాకే పాప కనికరించింది.

'అమ్మ' అనడానికి ఎండలు ముదిరేదాకా పట్టింది. నేను ఆగాను. ఆగడం వచ్చిందని చెప్పను, ఆగాను.

ఈ సాయంత్రం రేపటి కోసం బూడిద మీద ధ్యానం రికార్డు చేశాను. ఇప్పుడు పాప ఒళ్ళో ఇమడదు, పక్కనే స్టూలు మీద కూర్చుంది. చివరికి వచ్చేసరికి ఆ మాట నా నాలుక మీదికి వచ్చేసింది. నేను అనేలోపే చిన్న చెయ్యి నా నుదుటి మీద టప్పున పడింది.

"అమ్మా! ఈస్టరు దాకా అనగూడదు!"

అదీ రికార్డయింది. చెరపలేదు. పొద్దున బస్సుల్లో పోయేవాళ్ళందరూ వింటారు.