రామసముద్రం నుంచి తిరిగొచ్చిన ఆవు

మొన్న కుప్పం రైలుస్టేషనులో మదనపల్లె మనిషి ఒకరు కనిపించి, మా అయ్యవారు పోయారనీ, మట్టి కూడా ఇచ్చేశారనీ చెప్పారు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆయనతో నా వాదన ఇంకా తెగలేదు.

మిషను బళ్లో ఆయన దగ్గరే చదువుకున్నాను. పెద్దయ్యాక, కుప్పం వచ్చేసేదాకా వాళ్ల పక్కింట్లోనే కాపురం. "మనిషికి బుద్ధి, పశువుకు అలవాటు. అంతేనప్పా" అనేవారు. ఏ కుక్క తెలివి గురించి చెప్పినా ఆయనకది అలవాటే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అంతా చెప్పి, తన పుంగనూరు పొట్టి ఆవుకు కుడితి పెట్టనిదే తాను అన్నం ముట్టేవారు కాదు.

యుద్ధం రోజుల్లో ఆయన భార్యకు, మా అమ్మగారికి, విషజ్వరం వచ్చింది. తగ్గితే ఆవును మా మిషను గుడికిస్తానని ఆయన దేవునికి మొక్కుకున్నారు. తగ్గింది. కోతపండుగనాడు మా గుళ్లో అందరూ తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లతోపాటు దాన్నీ వేలం వేశారు. రామసముద్రం రైతు పాడుకుని, బండెక్కించి తీసుకుపోయాడు. నాలుగు రోజులకే అది ఈయన వాకిట్లో నిలబడింది. ఎన్నడూ నడిచిన దారి కాదు.

ఇదీ అలవాటేనా అని అడిగాను. అలవాటే అన్నారు! రైతు వచ్చి తోలుకుపోయాడు. మళ్లీ వచ్చింది. దేవునికిచ్చింది వెనక్కి తీసుకున్నారని గుడి దగ్గర గొణుగుడు మొదలైంది. రైతును అడిగి విడిపించుకోండని బతిమాలాను.

"మాట తప్పే తెలివి మనిషికే ఉండాదప్పా. అది నాకొద్దు" అన్నారు.

తానే దాన్ని రామసముద్రం దాకా నడిపించుకుపోయి, రైతు కొట్టంలో కట్టేశారు. దాని గంగడోలు నిమురుతూ, "ఇంగ రావద్దు తల్లీ, నా మాట పోతాది" అన్నారట. ఆ రైతే చెప్పాడు.

అది మళ్లీ రాలేదు.

అలవాటైతే రావాలి కదా? చెప్పింది తెలిసే ఆగిపోయింది కదా? ఈ ఒక్కటి ఆయన చేత ఒప్పించాలని ఎంత తన్నుకులాడానో. కళ్లజోడు తుడుచుకునేవారు, అంతే. మొండి మనిషి.

నిన్న అమ్మగారిని చూడబోయాను. చివరి రోజుల్లో అయ్యవారు మంచం వాకిలి వైపు వేయించుకున్నారట.

"అది రాదు గదా, యాల సూస్తారు అంటే, 'నేను వద్దంటిని, దానికి తెలిసింది, అందుకే రాలేదు' అనేటోరప్పా" అన్నారామె.

ఆ మాట నాతో అనలేకపోయారు. ఒళ్లు మండి వాకిట్లోకి వచ్చాను. పొద్దు వాలుతోంది. మేతకు పోయిన గొడ్లు వీధిలో ఒక్కొక్కటే తమ ఇళ్లలోకి తిరుగుతున్నాయి. వాటి వెనక ఎవరూ లేరు.