చల్లారిందండీ

కాప్రా నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న మా బస్సు మారేడ్‌పల్లిలో ఆగిపోయింది. వెనక చక్రం దగ్గర పొగ, మాడు వాసన. అందరం దిగాం.

"బ్రేకు పట్టేసింది. చల్లగయ్యేదాంక బండి కదలది, జెర ఆగుండ్రి," అని డ్రైవరు ఫోను పట్టుకుని పక్కకు వెళ్లాడు.

అప్పటిదాకా బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నామె, "బ్రేకు పట్టేస్తే పొగెందుకండీ?" అని భర్తను అడిగింది.

ఆయన మా అందరికీ వినిపించేలా నవ్వాడు. "చక్రం తిరుగుతుంటే బ్రేకు రాసుకుంటుంది. ఆ రాపిడికి బండి వేగమంతా వేడైపోతుంది. చిన్నపిల్లలకి కూడా తెలుసు. దీనికేం తెలీదండీ, వంటింట్లో పడుంటుంది. వెళ్లు, చల్లారిందో లేదో చూసిరా. అదైనా చేతనవుతుందేమో!"

ఆమె చక్రం ముందు వంగి, దోసె పెనం మీద చల్లినట్టే సీసాలో నీళ్లు వేళ్లతో చిలకరించింది. చుక్కలు చుయ్యిమని ఎగిరిపోయాయి. నేను చూశాను. నేను చూడడం ఆమె కూడా చూసింది.

"చల్లారిందండీ," అంది.

"పదండి, ఓసారి చూసి డ్రైవరుకి నేను చెప్తాను," అంటూ ఆయన దర్జాగా వెళ్లి, చక్రం లోపలి ఇనుము మీద అరచెయ్యి ఆనించాడు. మరుక్షణం కేక పెట్టాడు.

"చల్లారిందన్నావు కదే!"

ఆమె మిగిలిన నీళ్లు ఆ చేతి మీద మెల్లగా పోస్తూ, "నాకేం తెలుసండీ," అంది.

ఇప్పటికీ పెనం మీద నీళ్లు చుయ్యిమన్నప్పుడల్లా, పేపరు చదువుకుంటున్న మా ఆయన చేతుల వైపు ఓసారి చూస్తాను.