కొండ మీద బందరు కాలువ

అప్పట్లో, అంటే ఇంజినీరింగు పట్టా మీది ఇంకు వాసన ఇంకా పోని కాలంలో, నాకు తెలియని విషయం ఏదైనా ఉందంటే అది సిలబస్‌లో లేనిదై ఉండాలని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి తోడు ఒక నోటు పుస్తకం ఉండేది. కనిపించిన ప్రతిదాన్నీ వరస నంబర్లు వేసి అందులో రాసుకునేవాణ్ణి. ఇప్పుడు తిరగేస్తే ఒక పేజీలో 'నేను ఎక్కిన ఎత్తులు' అన్న జాబితా కనిపిస్తుంది. ఒకటి, మంగినపూడి లైట్‌హౌసు (సగం వరకే, కళ్ళు తిరిగాయి). రెండు, గుడివాడ రైల్వేస్టేషను ఫుట్‌బ్రిడ్జి. మూడు, నందివాడ దగ్గర మా పెదనాన్న గడ్డివామి. అక్కడితో జాబితా పూర్తి. మా వైపు నేల చేత్తో చదును చేసినట్టుంటుంది. సైకిలు తొక్కడం ఆపితే సైకిలు ఆగిపోవడమే తప్ప, తనంతట తాను ముందుకు జారే చోటు నా చిన్నతనంలో నేనెక్కడా చూడలేదు. అలాంటివాణ్ణి పట్టుకుని ఒక చిన్న సంస్థవారు కొండల్లో జలవిద్యుత్ కేంద్రం కట్టి రమ్మని పంపించారు.

జలవిద్యుత్ కేంద్రం అనగానే మీరు పెద్ద పెద్ద గేట్లూ, నురగలూ ఊహించుకోకండి. విశాఖ మన్యంలో ముప్ఫై గడపల గూడెం అది. పైన వాగుకి అడ్డంగా నడుమెత్తు రాతి ఆనకట్ట. దాని పక్క నుంచి నాలుగు వందల మీటర్ల కాలువ కొండ నడుము చుట్టూ తిరిగి ఒక తొట్టిలో పడుతుంది. తొట్టి నుంచి లావుపాటి గొట్టం అరవై మీటర్ల కిందికి దిగుతుంది. అక్కడ రేకుల షెడ్డులో టర్బైనూ జనరేటరూ, షెడ్డు బయట నుంచి స్తంభాలూ తీగలూ. సామానంతా సంస్థది, మట్టి పని మాత్రం గూడెం వాళ్ళది. నేను వెళ్ళిన మొదటి రోజే గూడెమంతా పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ నా నోటు పుస్తకం వంక అనుమానంగా చూసి, "దీపాలు సరే సారూ, మర తిరుగుతాదా?" అని అడిగింది. టర్బైను పక్కనే పెట్టబోయే చోళ్ళ పిండి మర అన్నమాట (మన రాగుల్ని అక్కడ చోళ్ళంటారు). ముప్ఫై ఏళ్ళు తిరగలి తిప్పీ తిప్పీ ఆవిడ కుడి భుజం పైకి లేవడం మానేసింది. జుట్టు ముడి కూడా కోడలే చుట్టాలి. తిరుగుతుందన్నాను. "ఎలా తెలుసు?" అంది. "లెక్కలో వచ్చింది పెద్దమ్మా" అన్నాను. ఆవిడ "నా మాట మీద ఊరంతా గునపం పడతాది. తిరక్కపోతే నన్నంటారు. మిమ్మల్ననరు, మీరు కొండ దిగిపోతారు" అంది. నేను నవ్వి, ఆవిడ భయాన్ని నోటు పుస్తకంలో 'స్థానికుల అపోహలు' అన్న శీర్షిక కింద నాలుగో నంబరు వేసి రాసుకున్నాను.

ఇక నా ఘనకార్యం. కాలువ ఐదు వందల మీటర్లు నడిచేసరికి ఒక మీటరు దిగేలా వాలు పెట్టమని మా చీఫ్ గారు కాగితం మీద రాసిచ్చారు. ఆ అంకె నాకు వట్టి దుబారాగా కనిపించింది. ఎత్తు అంటేనే కదా కరెంటు! పుట్టి బుద్ధెరిగాక ఎత్తు మొహం చూడనివాడికి ఇన్నాళ్ళకి దొరికితే, దాన్ని కాలువలో కొంచెం కొంచెంగా పారబోయమంటారేమిటి? మా కృష్ణా కాలువలు కిలోమీటరుకి జానెడు దిగితే గొప్ప. అయినా సముద్రం దాకా పోవట్లేదా? మా వరి పండట్లేదా? ఐదు వందలు కొట్టేసి ఐదు వేలు వేశాను. చీఫ్ గారికి చెప్పలేదు. అంతా అయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని. ఈ తెలివి వల్ల మిగిలిన ఎత్తు డెబ్బై రెండు సెంటీమీటర్లు. దాని వల్ల అదనంగా వచ్చే కరెంటు, సరిగ్గా లెక్కేస్తే, రెండు సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత. (ఆ కొండ మీద ఏప్రిల్లో కూడా దుప్పటి కప్పుకుంటారు. ఫ్యాను ఎవరికి కావాలన్నది లెక్కలో లేదు.) ఆరు వారాలు నేను లెవెల్ యంత్రం కన్నంలోంచి చూస్తూ మిల్లీమీటర్లు అరుస్తుంటే, పెద్దమ్మ ఎడమ చేత్తో తట్టలు అందిస్తూ ఊరి చేత తవ్వించింది. రాళ్ళు పేర్చి మట్టి మెత్తించింది. అంత సన్నటి వాలు అంత ఖచ్చితంగా ఆ కొండల్లో అంతకు ముందు ఎవరూ పెట్టి ఉండరు. అందుకు కారణం ఉందని తర్వాత తెలిసింది.

కొబ్బరికాయ కొట్టి నీళ్ళు వదిలాం. పది నిమిషాల్లో తొట్టి చేరతాయని ప్రకటించి చేతి గడియారం చూసుకుంటూ గట్టు మీద నడిచాను, ఊరంతా నా వెనక. నీళ్ళు మాతో రాలేదు. ఆగాం. వచ్చాయి. మళ్ళీ నడిచాం, మళ్ళీ ఆగాం. ముసలివాళ్ళు కూర్చుని చుట్టలు వెలిగించుకున్నారు. "ఏటి సారూ, నీరు నడవట్లేదేటి?" అని ఎవరో అడిగారు. అడిగినవాళ్ళని తప్పుపట్టలేను. నీళ్ళు ఆగి ఆలోచించుకోవడం వాళ్ళెన్నడూ చూడలేదు. గంటంపావు తర్వాత తొట్టిలో పడిన నీరు, కావలసినదాంట్లో మూడో వంతు. టర్బైను బద్ధకంగా ఒళ్ళు విరిచింది. బల్బులో తీగ ఎర్రబడింది. మర బెల్టు కదలనే లేదు. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే, ఇసుక దిగడానికి కాలువ మొదట్లో కట్టిన వెడల్పాటి గుంటలో రెండు గేదెలు మెడ దాకా మునిగి నెమరేస్తున్నాయి. నిలవ నీటి మీద దోమలు పాట అందుకున్నాయి. ఒక్క క్షణం మా ఊరు వచ్చేసినట్టు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం సంగతి అర్థమైంది. కొండ నడుముకి నేను మా బందరు కాలువ చుట్టాను.

తప్పు తెలిసింది. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆ తర్వాత ఐదు రోజులు నేను చెప్పిన కారణాలు నోటు పుస్తకంలో తేదీలతో సహా ఉన్నాయి. మొదటి రోజు, గోడలు కొత్తవి, నీళ్ళు తాగేస్తున్నాయి. రెండో రోజు, గొట్టంలో గాలి ఇరుక్కుంది. మూడో రోజు, బేరింగులకి గ్రీజు పట్టాలి. నాలుగో రోజు, వాతావరణ పీడనం (ఇది చెప్పేటప్పుడు ఆకాశం వంక చూశాను కూడా). ఐదో రోజు, నీరు కాలువకి అలవాటు పడాలి. ప్రతిరోజూ పెద్దమ్మ వచ్చి వినేది. "అలాగా" అని వెళ్ళేది. ఆరో రోజు మాత్రం వెళ్ళకుండా నిలబడింది. "చోళ్ళు కోతకొచ్చాయి సారూ. మా కోడలు నిన్న తిరగలి కడిగి పెట్టింది" అంది. అంతే అంది. ఆ మాటకి నేను రాసుకోవడానికి శీర్షిక దొరకలేదు.

ఫోను సిగ్నలు అందే బండ ఒకటుంది, దానెక్కాను. చీఫ్ గారికి చేద్దామని నంబరు తీసి, దాన్ని దాటేసి మా మావయ్యకి చేశాను. మావయ్య దివిసీమలో లాకుల దగ్గర లస్కరుగా, అంటే కాలువ తలుపులు ఎత్తుతూ దించుతూ పొలాలకి నీరు పంచే ఉద్యోగిగా, ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. చదువు ఎనిమిదో తరగతి. నీళ్ళ విషయంలో ఆయన్ని సలహా అడగాలని అంతకు ముందు నాకెప్పుడూ తోచలేదు.

"మావయ్యా, మా ఫ్రెండొకడు కాలువ తవ్వాడు. నీరు సరిగ్గా పారట్లేదంట."

"ఆ ఫ్రెండు మా అక్క కొడుకేనా?"

"సిగ్నలు సరిగ్గా అందట్లేదు మావయ్యా."

"సరే. నీటి మీద ఎండుటాకొకటి వేసి పక్కనే నువ్వు నడు. ఎవరు ముందెళ్తున్నారు?"

"నేనే."

"ఎంత ముందు?"

"నేను భోజనం చేసి రావొచ్చు మావయ్యా."

అవతల పెద్ద నవ్వు. ఆ వెనక అత్తయ్య గొంతు, "ఏవిటండీ, పిల్లాడేమంటున్నాడు?" అని. "మన మేనల్లుడు కొండెక్కి మరీ మన ఊరు కట్టాడే" అని ఆవిడకి చెప్పి, నాతో "కదలకుండా ఉండు, వస్తున్నా" అన్నాడు.

మర్నాటి సాయంత్రానికి గొడుగూ, తొక్కుడు లడ్డూల డబ్బా పట్టుకుని జీపు దిగాడు. దిగగానే కొండ అంచు నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగాడు (భయం మా వంశంలోనే ఉంది). పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈ సారు మీవోడా?" అంది. "మావాడేనమ్మా. మంచివాడే, కాకపోతే చదువుకున్నాడు" అన్నాడు. ఇద్దరూ నన్ను వదిలేసి కాలువ పొడుగునా నడిచారు. మావయ్య అక్కడక్కడా కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి, రాళ్ళు తడిమి, తిరిగొచ్చి అన్నాడు: "అల్లుడూ, మన కాలువ ముప్ఫై అడుగుల వెడల్పు, మనిషి లోతు. అంత నీరు దాని బరువుతో అదే నడుస్తది. నీది మూరెడు వెడల్పు, గరుకు రాళ్ళు. దీన్ని అంత సుకుమారంగా పొమ్మంటే ఎలా పోద్దిరా?"

"మరి అడుగు తవ్వి వాలు పెంచాలా? చివర తొట్టి సిమెంటుతో కట్టేశాం మావయ్యా, దాన్ని దించలేం."

"కింద దించలేకపోతే పైన ఎత్తు. ఆనకట్ట మధ్యలో బురద పోవడానికి సందు వదిలావుగా? దాన్లో చెక్క పలకలు దింపు. గోడ మీద కూడా మూరెడెత్తు పలకలు నిలబెట్టు. కాలువ మొదటి సగానికి గట్లు అంతే పెంచు. పైన నీరు లేచి నిలబడితే వెనకది ముందుదాన్ని తోస్తది. లాకుల దగ్గర చివరి పొలాలకి నీరెక్కకపోతే మేం చేసేదదే." నేను గబగబా లెక్క వేశాను. వచ్చింది. రెండుసార్లు వేశాను, రెండుసార్లూ వచ్చింది. ఎగిరి గంతేసి ఊరివాళ్ళని పిలవబోతుంటే మావయ్య భుజం పట్టుకుని ఆపాడు. "గట్లు పెంచాలంటే వీళ్ళు మళ్ళీ నాలుగు రోజులు మట్టి మొయ్యాలి. ఎందుకు మొయ్యాలో నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

షెడ్డు ముందు అందరూ కూర్చున్నారు. పెద్దమ్మ ముందు వరసలో ఉంది. ఊరి చూపులు నా మీద కంటే ఆవిడ మీదే ఎక్కువున్నాయని అప్పుడు గమనించాను. "మూడు విషయాలు చెప్పాలి" అని మొదలుపెట్టాను. ఒకటి, కాలువ వాలు విషయంలో తప్పు నాది. రెండు, గరుకుదనం వల్ల ప్రవాహ వేగం... "రెండోదీ మూడోదీ వదిలెయ్ సారూ. మొదటిది మళ్ళీ చెప్పు" అంది పెద్దమ్మ. తప్పు నాది అన్నాను. "గట్టిగా. వెనకోళ్ళకి వినపడలేదు." తప్పు నాది, పెద్దమ్మది కాదు, అని అరిచాను. ఎదుటి కొండ కూడా ఒకసారి అంది. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. లేచి చీర కొంగు బిగించి తట్ట అందుకుంది. ఈసారి నేను యంత్రం వెనక నిలబడలేదు. మావయ్య బంకమట్టి తొక్కడం నేర్పుతుంటే మోకాళ్ళ దాకా దిగి తొక్కాను. గేదెల్ని ఒప్పించి లేపడానికే ఒక పూట పట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పలకలు దింపాం. ఆనకట్ట వెనక నీరు లేచింది. కాలువలో ఆకు నన్ను దాటి వెళ్ళిపోయింది. దాని వెంట పరుగెత్తి షెడ్డు చేరేసరికి మర బెల్టు ఒకసారి జారి, పట్టుకుని, తిరిగింది. పెద్దమ్మ ఎడమ చేత్తో చోళ్ళు పోసింది. కింద పిండి రాలింది. పట్టుకుని చూసి, "కాలతోంది. తిరగలి పిండి చల్లగా ఉండేది" అని వంక పెట్టి, అలా అంటూనే రెండో చేట కూడా పోసింది. మూడోది పోసేటప్పుడు కుడి భుజాన్ని ఎడమ చేత్తో నెమ్మదిగా నిమురుకుంది, ఇక నీకు పని లేదులే అన్నట్టు.

ఆ పిండితోనే అంబలి కాచి నాకూ మావయ్యకీ పోసింది. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని, "తెలీదని మొదటి రోజే అనొచ్చు కద సారూ? మాకూ తెలీదు. అందరం కలిసి ఎతుక్కుందుం" అంది. అంబలి వేడికో మరి దేనికో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మావయ్య మర్యాదగా కొండల వైపు చూశాడు.

ఇప్పుడు నా పేరు వెనక రెండు మూడు డిగ్రీలున్నాయి. పెద్ద పెద్ద ఆనకట్టల మీటింగుల్లో కూర్చోబెడతారు. ఎవరైనా ప్రశ్న అడిగితే మొదటి పది నిమిషాల్లోనే "నాకు తెలియదండీ, చూద్దాం" అనేస్తున్నాను. కుర్ర ఇంజినీర్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, ఈయనకి ఈ ఉద్యోగం ఎవరిచ్చారా అని. అప్పుడు నోటు పుస్తకం చంకన పెట్టుకుని ఆకాశం వంక చూసిన ఆ ఇరవై మూడేళ్ళవాడు గుర్తొస్తాడు. వాడంటే నాకు బోలెడంత ఇష్టం. వాడు మాత్రం నన్నిలా చూస్తే, సిగ్గుతో నా పక్క కుర్చీలో కూడా కూర్చోడు.