నిండు గ్లాసుతో జీపెక్కిన బీబమ్మత్త

మామిడి కోతలు మొదలయ్యే ముందు జీపు బానెట్టెత్తి, బ్యాటరీ టెర్మినళ్ళకు వాసెలిన్ రాయడం నా అలవాటు. ఆ జిడ్డు వేలికి తగలగానే, ఇప్పటి సీలు బ్యాటరీలకు లేని పుల్లటి యాసిడ్ వాసన ఎక్కడినుంచో వచ్చి ముక్కుకు తగులుతుంది. దానివెంటే తిరువూరు బస్టాండు వెనక సందులోని బ్యాటరీల కొట్టు, కొట్లో బీబమ్మత్త. ఆవిడ అసలు పేరు ఖైరున్నీసా. భర్త పోయాక కొట్టు మూసేస్తుందని బజారంతా అనుకుంది. ఆవిడ మాత్రం మర్నాడే షట్టరెత్తిందట.

మాది వాళ్ళ ఎదురుగా వంటసామాన్ల కొట్టు. మా ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు కూడా ఇంకో గరిటె కోసం బేరమాడేవాళ్ళం. అలా పెరిగిన నేను ఒక పాత జీపు కొని, విస్సన్నపేట వైపు లారీలు ఎక్కలేని గట్టు తోటలనుంచి కాయ దింపిస్తానని రైతులకు మాటిచ్చాను. కోసిన కాయ ఎండలో ఆగదు. మొదటి ఏడాది బండి ఒక్కసారి మొరాయించినా మళ్ళీ ఏ తోటకూ నన్ను పిలవరు. ఉన్న బ్యాటరీ చూస్తే కొన ఊపిరితో ఉంది.

"అత్తా, అన్నిటికంటే పెద్ద బ్యాటరీ ఇవ్వు. చిన్నదాని రేటు వేసుకో."

"అచ్చం మీ నాన్న పోలికే. ఏ దారిలో తిరుగుతుంది అల్లుడూ నీ బండి?"

"గట్టు మీద తోటల్లో."

"పద, చూసొద్దాం."

"బ్యాటరీకి వచ్చానత్తా, షికారుకి కాదు!"

ఆవిడ స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని ముందు సీట్లో కూర్చుంది. "ఇది మీ కొట్లో కొన్నదే. రూపాయి తగ్గించలేదు మీ నాన్న" అంది. గట్టెక్కి దిగేసరికి గ్లాసులో గుక్కెడు మిగిలింది. మిగతావి సగం ఆవిడ చీర మీద, సగం నా ప్యాంటు మీద. నేను సిగ్గుపడుతుంటే ఆవిడ గ్లాసు చూపించి, "ఇంత కుదుపుకి నువ్వడిగిన పెద్ద బ్యాటరీలో ప్లేట్లు రాలిపోతాయి. నీకు కావాల్సింది సైజు కాదు, గట్టిదనం" అంది. తర్వాత బానెట్టు ఎత్తించింది. పాత బ్యాటరీని నేను టైరు ట్యూబు ముక్కతో కట్టి ఉంచాను.

"ఇదేమన్నా మేకపిల్లా, తాడేసి కట్టడానికి?"

కొట్టుకి తిరిగొచ్చాక, లోపల ప్లేట్లు కదలకుండా బిగించిన సీలు బ్యాటరీ, దాన్ని బండికి బిగించే ఇనప పట్టీ తీసింది. బ్యాటరీ నేను అడిగినదానికంటే చిన్నది, ధర మాత్రం ఎక్కువ. నాకు వచ్చిన విద్యలన్నీ వాడాను. వెళ్ళిపోతున్నట్టు మెట్లు కూడా దిగాను. ఆవిడ పిలవలేదు. నేనే వెనక్కి ఎక్కాను. చివరికి, "పోనీ ఇనప పట్టీ వద్దులే, దాని డబ్బన్నా తగ్గించు" అన్నాను.

"పట్టీ బిగించని బండికి నేను బ్యాటరీయే అమ్మను. ట్యూబు ముక్కతో కట్టుకునేవాళ్ళకి వేరే కొట్లున్నాయి."

బేరంలో నేను చిత్తుగా ఓడిపోయిన రోజది.

కోతల మధ్యలో వాన పడింది. నిండా ట్రేలతో వాగు దాటి ఒడ్డెక్కుతుంటే చక్రాల కింద రాళ్ళు జారాయి. జీపు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక నీళ్ళు పెరుగుతున్నాయి. ఒడ్డు మీద తోటల రైతులంతా చూస్తున్నారు. నాకు ముందుగా గుర్తొచ్చింది దేవుడు కాదు, ఆ పట్టీ. తాళం తిప్పాను. ఇంజను గయ్యిమంది.

"ఏం బ్యాటరీ అయ్యా అది!" అని ఒక రైతు కేకేశాడు.

నా జీపు గొప్పతనం చెప్పుకోవలసిన సమయం అది. నా నోటివెంట మాత్రం "బీబమ్మత్త ఇచ్చిందండీ!" అనే వచ్చింది.

సాయంత్రం ఆ సంగతి చెబితే ఆవిడ టీ తెప్పించి, "పట్టీ కదిలిందా?" అంది.

"లేదత్తా."

"మరింకేం. అవునూ, అందరి ముందూ నా పేరు ఊరికే చెప్పేశావా? దానికి బేరం లేదా?" అని నవ్వింది.

ఆవిడా, ఆ నవ్వూ ఇప్పుడు లేవు. కొట్టు వేరేవాళ్ళకి అప్పగించేసే ముందు ఆ స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టింది. దానిమీద మూత కూడా ఇమ్మని అడిగాను. బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇప్పుడు నాకు కొన్ని జీపులున్నాయి. గట్టు తోటలకు ముందు నన్నే పిలుస్తారు. మొన్న ఒక బ్యాటరీ కంపెనీ కుర్రాడు వచ్చి, తమ సరుకు ఎన్నాళ్ళు మన్నుతుందో ఫోనులో చూసి చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆపకుండా విన్నాను. గ్లాసు నిండా నీళ్ళు పోసి అతని చేతికిచ్చాను.

"ఇదెందుకండీ?"

"పట్టుకుని జీపెక్కండి సార్. బేరం తిరిగొచ్చాక."